టోర్బెక్ దొర నల్ల అంగీ

బతుకుతాడని ఎవరూ అనుకోని మనిషి పన్నెండో రోజు పొద్దున్నే లేచి కూర్చుని పంది మాంసం అడిగాడు.

ఆ కబురు మఠం పనివాడు గాడిదెక్కి తెచ్చాడు. హవీస్ దొరసాని అప్పుడు మేడ మీద కిటికీ పక్కన కూర్చుని మొగుడి ఎర్ర చొక్కాకి కుట్లు విప్పుతోంది. మంచి ఇంగ్లండు ఉన్ని. భుజాల దగ్గర రెండు వేళ్ల మేర లోపలికి తీసి కుడితే కొడుక్కి సరిపోతుంది. పనివాడు చెప్పింది విని, సూదిమొనతో ఇంకో మూడు కుట్లు లేపింది, దారం లాగింది, వేలికి చుట్టుకుంది. పెట్టారా అని అడిగింది. మఠంలో మాంసం ముట్టరు గానీ జబ్బు మనిషి కదా, మఠాధిపతి గారు పెట్టమన్నారనీ, దొరగారు గిన్నె నాకేసి ఇంకా కావాలన్నారనీ వాడు చెప్పాడు. వాడికి ఆపిల్ కల్లు పోయించి పంపేసింది. ఇలాంటప్పుడు సంతోషం రావాలి గదా, వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఏడుపూ రాలేదు. ఈ చొక్కా మిగతా కుట్లు విప్పాలా, విప్పినవి మళ్లీ వేయాలా అన్న ఒక్క సంగతే తోచింది.

నార్మండీలో దొరలు చచ్చే పద్ధతి ఒకటుంది. ముప్పై ఏళ్లు గుర్రం దిగకుండా ఊళ్లు తగలబెట్టిన వాడైనా సరే, ఇక గంటలో పోతాడనగా కత్తి తీసేసి, మఠం వాళ్ల నల్ల అంగీ తొడుగుతారు. సన్యాసిగా పోయినట్టు లెక్క. పైన దేవుడు కూడా ఆ అంగీనే చూస్తాడని నమ్మకం. హవీస్ మొగుడు టుర్‌స్టెన్ దొర. ఆయన తండ్రి అలాగే పోయాడు, తాతా అలాగే పోయాడు. వేసుకున్నవాళ్లు మర్యాదగా పోతారు. వేసుకుని బతికి కూర్చోవడమే ఎవరూ ఎరగని పని.

ఎందుకంటే ఒకసారి వేసుకున్న అంగీ విప్పడానికి లేదు. ముట్టడిలో తొడలో బల్లెం దిగి, పుండు కుళ్లి, ఒళ్లు కాలిపోతూ దొరని మోసుకొచ్చిన రోజే అది వేశారు. వేసి మఠానికి తీసుకెళ్లారు. ఆయన కత్తీ, గుర్రమూ ఆ మఠానికే ఇచ్చేశారు. మర్నాడు నలభై మంది రౌతులూ ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని, గిరోల్డ్ చేతుల మధ్య చేతులు పెట్టి, నువ్వే మా దొరవి అని ఒట్టేశారు. గిరోల్డ్ అంటే హవీస్ కొడుకు, ఇరవై రెండేళ్లవాడు. నాన్న బతికున్నాడుగా, ఇప్పుడే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెడతారేంటని వాడు నసిగితే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది హవీసే.

ఇప్పుడు వాడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నాన్న లేచాడట, విన్నావా అన్నాడు. విన్నానంది. వాడు నిజంగానే సంతోషపడుతున్నాడు. ఈ పిచ్చివాడు ఎవరి పోలికో అనుకుంది హవీస్.

కిందన, వాకిట్లో గోడకి ఆనుకుని ఎర్నో కూర్చుని జనపనార తాడు పేనుతున్నాడు. టుర్‌స్టెన్ అన్న కొడుకు. మూడేళ్ల కిందట, నది అవతల యుద్ధంలో దొర పోయాడని పుకారొస్తే, కోట చేజారకుండా ఉండాలని నాలుగు రోజులు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఐదో రోజు దొర తిరిగొచ్చాడు. కోట అప్పగించినందుకు ఎర్నో భుజం తట్టాడు. ఆ సాయంత్రమే అతని రెండు కళ్లూ తీయించాడు. అప్పటినుంచీ ఎర్నో తాడు పేనుతున్నాడు. తొడ మీద నార పెట్టి అరచేత్తో రుద్దుతాడు, పురి వేళ్లతో చూసుకుంటాడు, మళ్లీ రుద్దుతాడు. మంచి తాడు. బావికీ, గుర్రాలకీ అదే వాడతారు.

*

మర్నాడు హవీస్ కంచరగాడిద మీద మఠానికి వెళ్లింది. బుట్టలో ఉతికిన గుడ్డపీలికలు, మలుగు చేప కూరి కాల్చిన రొట్టె పెట్టుకుంది. జబ్బు సన్యాసులుండే గది చివర, పొయ్యి దగ్గరి మంచం మీద టుర్‌స్టెన్ కూర్చుని ఉన్నాడు. సగానికి సగం అయిపోయాడు. నల్ల అంగీ ఒంటి మీద వేలాడుతోంది. నెత్తి మీద నడిమధ్యన గుండ్రంగా గొరిగేశారు.

"చూశావా ఏం చేశారో? చలేస్తోంది అక్కడ," అన్నాడు.

హవీస్ కట్టు విప్పి పుండు చూసింది. అంచులు ఎర్రబడి దగ్గరికొస్తున్నాయి. వాసన లేదు. మఠం వైద్యుడు తేనె బాగా పట్టించాడు. వెచ్చని నీళ్లతో తుడిచి, కొత్త పీలిక చుట్టి, మరీ బిగించకుండా ముడేసింది. ముప్పై ఏళ్లుగా ఈ ఒంటికి ఎన్నో కట్లు కట్టింది. ఎక్కడ ఏ మచ్చ ఉందో ఆమె చేతులకి తెలుసు.

ఆయన రొట్టె విరిచి, చేప ఏరుకుని తింటూ విషయం చెప్పాడు. ఎల్లుండి మఠంలో సభ పెడతారట. తెలివుండి తనంతట తను అడిగితేనే సన్యాసం చెల్లుతుందట. తెలివి లేనివాడికి తొడిగితే అది వట్టి గుడ్డ, విప్పి ఇంటికి పోవచ్చట. ఆ రోజు అంగీ తొడిగిన ముసలి సన్యాసి ఫుల్బెర్, అడుగుతున్నావా అంటే దొర తలూపాడని అంటున్నాడు. ముసలాయనకి చూపు ఆనదు. అప్పుడు గదిలో ఉన్న ఇంకో మనిషి హవీస్ ఒక్కతే.

"నేను తలూపలేదు. ఊపే ఓపిక ఎక్కడిది? అదే చెప్పాను. నిన్నూ అడుగుతారు. చెప్పెయ్, ఇంటికి పోదాం."

ఆయన చెప్పింది నిజం. ఫుల్బెర్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ దొర నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తూ పడున్నాడు. ఇలాగే పోతే నరకానికి పోతాడే అని హవీస్‌కి కాళ్లూ చేతులూ ఆడలేదు. మంచం తల వైపు కూర్చుని ఉంది కదా, దుప్పటి సర్దుతున్నట్టు చెయ్యి ఆయన మెడ కింద పెట్టి, రెండుసార్లు లేపి దింపింది. ముసలాయన హమ్మయ్య అనుకుని అంగీ మడత విప్పి తొడిగాడు. అంతే జరిగింది. మొగుడి మీద కోపంతో చేసింది కాదు, ఎవరైనా చేసేదే. గంటలో పోయేవాడే కదా అనుకుంది.

"మరి గిరోల్డ్?" అని అడిగింది.

"ఎర్నోకి ఏం చేశానో అదే."

"మీ కన్నకొడుకు."

"ఎర్నో మా అన్న కొడుకు. వాడు నాలుగు రోజులు కూర్చున్నాడు. వీడు పన్నెండు."

వాణ్ణి కూర్చోబెట్టింది తనేనని హవీస్ చెప్పింది. మీరు పోయినట్టేనని మేమందరం చెప్పాకే కూర్చున్నాడంది. ఆయన తల అడ్డంగా తిప్పాడు. కోపం లేదు. చేప ముల్లు నోట్లోంచి తీసి మంచం అంచున పెట్టాడు. కొడుకుని వదిలేస్తే నలభై మంది రౌతులూ దొరకి ముసలితనం వచ్చిందనుకుంటారనీ, ఏడాది తిరక్కుండా కోట పోతుందనీ, ఇవి ఆడవాళ్లకి తెలిసే సంగతులు కావనీ నెమ్మదిగా చెప్పాడు. పైకప్పు మీద పాత గడ్డి తీసి కొత్తది వేయాలని చెప్పినట్టు చెప్పాడు. కోపంతో అని ఉంటే ఆమెకి కాస్త ఆశ ఉండేది. కోపమైతే దిగుతుంది.

హవీస్ ఖాళీ బుట్ట తీసుకుని లేచింది. దార్లో పొలాల్లో జనం టర్నిప్‌లు తవ్వుతున్నారు. వాళ్లు లేచి దణ్ణం పెడితే ఆమె తలూపింది. ఇంటికెళ్లేసరికి ఏం చెప్పాలో తేలిపోయింది. తేలినందుకు బరువు దిగినట్టు గానీ, ఎక్కినట్టు గానీ అనిపించలేదు.

*

సభలో మఠాధిపతి మధ్యన కూర్చున్నాడు. సన్యాసులు గోడ వెంట బెంచీల మీద, రౌతుల్లో పెద్దవాళ్లు ఆరుగురు తలుపు దగ్గర. టుర్‌స్టెన్‌ని కుర్చీలో మోసుకొచ్చి దింపారు. గిరోల్డ్ వెళ్లి తండ్రి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. ఆయన పెట్టుకోనిచ్చాడు.

ఫుల్బెర్ తను చూసింది చెప్పాడు. కళ్లు సరిగా ఆనవని తనే ఒప్పుకున్నాడు, కానీ తల కదలడం మాత్రం చూశానన్నాడు. టుర్‌స్టెన్ లేదన్నాడు. అప్పుడు మఠాధిపతి హవీస్ వైపు తిరిగాడు. ఆయన మంచివాడే, తొందరపడే మనిషి కాదు. చెప్పేముందు ఒక సంగతి తెలుసుకోమన్నాడు. మొగుడు సన్యాసిగా బతికుండగా పెళ్లాం ఇంట్లో ఉండడానికి లేదు. ఆయన అంగీ చెల్లితే ఆమె కూడా ముసుగు వేసుకుని ఆడవాళ్ల మఠానికి పోవాలి. ఆ రోజు మొగుడి సన్యాసానికి ఒప్పుకుంటున్నానని చెప్పినప్పుడు ఆమెకి ఇది తెలుసా?

"తెలుసు అయ్యగారూ," అంది. తెలుసు గానీ అప్పుడు తలచుకోలేదు.

"దొర తనంతట తను తలూపాడా?"

"ఊపారు. నేను చూశాను."

పరిశుద్ధుల ఎముకలున్న పెట్టె మీద చెయ్యి పెట్టి అదే మాట మళ్లీ చెప్పింది. చెక్క చల్లగా, నున్నగా ఉంది. ఏ పిడుగూ పడలేదు. తలెత్తి చూస్తే టుర్‌స్టెన్ ఆమెనే చూస్తున్నాడు. అబద్ధమని అరవలేదు. లేదు అని ఇంకోసారి మాత్రం అన్నాడు, అంతకుముందుకన్నా మెల్లిగా.

దొర మాట ఒకటి, దొరసాని ఒట్టు ఒకటి. మధ్యలో చూపు ఆనని సాక్షి. ఇద్దరిలో ఒకరి తరపున కత్తి పట్టి కొట్లాడతామని రౌతులు లేవబోతే మఠాధిపతి కూర్చోమన్నాడు. మొగుడూ పెళ్లాల మధ్య కత్తులేంటన్నాడు. చివరికి ఇనుము అని తేల్చారు. బిషప్ గారి గుడి నుంచి ఇనుప కడ్డీ తెప్పించి, ఎర్రగా కాల్చి, దొరసాని చేతికిస్తారు. తొమ్మిది అడుగులు నడవాలి. చేతికి కట్టు కట్టి ముద్ర వేస్తారు. మూడో రోజు విప్పినప్పుడు మానుతూ ఉంటే నిజం చెప్పినట్టు, చీము పడితే అబద్ధం చెప్పినట్టు. అంతకుముందు ఆమె మూడు రోజులు ఉపవాసం ఉండాలి.

ఒప్పుకుంటావా అని అడిగారు. ఒప్పుకుంటానంది. టుర్‌స్టెన్ తన మోకాళ్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

*

మఠం బయట చుట్టాల కోసం కట్టిన ఇంట్లో ఆమెకో గది ఇచ్చారు. రొట్టె, ఉప్పు, నీళ్లు, కాలవ పక్కన పెరిగే ఆకుకూర. వాటికి మించి ఏమీ ఇవ్వరు. ఆకలి మొదటి రోజే చచ్చిపోయింది. తీరిగ్గా కూర్చోవడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు. ఆడవాళ్ల మఠం నుంచి కాపలాకి పంపిన సన్యాసినిని అడిగి కొంచెం ఉన్ని తెప్పించుకుని దువ్వుతూ కూర్చుంది. కుడిచేత్తో దువ్వెన లాగుతుంటే, ఈ పని ఇంకో రెండు రోజులే అనుకుంది. అలా అనుకున్నా ఏమీ కాలేదు. ఆ చెయ్యి ఎవరిదో అయినట్టు చూసింది.

ఇనుము పట్టిన చేతుల్ని ఆమె ఎరుగును. టోర్బెక్‌లోనే దొర తీర్పు మీద నలుగురు పట్టారు. కట్లు విప్పాక మందు రాసింది ఆమే. పిండిమర కాపలావాడి పెళ్లాం చేతికి మూడో రోజు చీము మణికట్టు దాకా వచ్చింది. అది నిజం చెప్పిందని హవీస్‌కి ఇప్పటికీ అనుమానం. నిజం చెప్పినదాని చెయ్యే అలా అయితే, ఎముకల పెట్టె మీద అబద్ధమాడిన తన చెయ్యి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కానీ ఉపవాసం మూడు రోజులు, చేతికి కట్టు మూడు రోజులు, మొత్తం ఆరు. ఆరు రోజుల్లో మంచి గుర్రం ఉన్నవాడు సముద్రం ఒడ్డుకి చేరి ఓడెక్కొచ్చు. ఆమె కొనుక్కున్నది ఆ ఆరు రోజులే.

రెండో రోజు మధ్యాహ్నం గిరోల్డ్ వచ్చాడు. ఓడెక్కి దక్షిణాదిన ఉన్న అపూలియా దేశానికి వెళ్లిపొమ్మని చెప్పింది. అక్కడ మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు, కత్తి పట్టగలిగినవాడికి కూడు కరువుండదంది. వాడు నవ్వాడు.

"ఎందుకమ్మా? మంచి పంటలు పండిన ఏడు. ఓట్స్ కోతకొచ్చాయి."

"మీ నాన్న బయటికొస్తే ఏం చేస్తారో తెలుసా?"

తెలుసన్నాడు. వాకిట్లో ఎర్నోని రోజూ చూస్తూనే ఉన్నాడు కదా. ఆ కుర్చీలో కూర్చున్నాక వాడు చేసిన మొదటి పని, ఎర్నోని లోపలికి పిలిచి పెద్ద బల్ల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టడం. కానీ నాన్న ఎలా బయటికొస్తాడు, నువ్వు నిజమే చెప్పావు కదా అన్నాడు. నిజం చెప్పేవాళ్ల చెయ్యి దేవుడు కాపాడతాడు, అందరికీ తెలిసిందేగా. నేను పారిపోతే నిన్ను నమ్మలేదని అర్థం, అలా ఎలా పోతానన్నాడు.

అబద్ధం చెప్పానని ఆమె నోటిదాకా వచ్చింది. చెబితే వాడు ఊరుకోడు. తిన్నగా మఠాధిపతి దగ్గరికి పోయి, అమ్మ చెయ్యి కాల్చొద్దు, నాన్ననే బయటికి తెండి అంటాడు. అలాంటివాడే. వాడు ఆమె కుడిచెయ్యి తీసుకుని అరచేతిలో ముద్దు పెట్టి, ఉన్ని వాసన వస్తోందమ్మా అని వెళ్లిపోయాడు. ఎవరికోసం ఆ ఆరు రోజులు కొన్నదో, వాడే వాటిని తీసుకోలేదు. ఆమె దువ్వెన మళ్లీ అందుకుంది. ఏడవాలనుకుంది, ఒంట్లో ఎక్కడా ఏడుపు దొరకలేదు.

*

శుక్రవారం పొద్దున పూజయ్యాక గుడి వసారాలో నిప్పులు పోశారు. కడ్డీ ముప్పాతిక మూర పొడవుంటుంది, బొటనవేలంత లావు. పూజారి దాని మీద నీళ్లు చల్లి ప్రార్థన చదివాడు. నేల మీద సుద్దతో తొమ్మిది గీతలు గీశారు. సన్యాసులు రెండు వరసల్లో నిలబడ్డారు. రౌతులందరూ వచ్చారు. గిరోల్డ్ ముందు వరసలో, పండక్కి వచ్చినవాడిలా కడిగిన మొహంతో నిలబడ్డాడు. టుర్‌స్టెన్ కుర్చీని తొమ్మిదో గీత దగ్గర పెట్టారు. తీర్పు తేలేదాకా ఒంటి మీద ఆ అంగీయే.

హవీస్ ఉంగరం తీసి పక్కనున్న సన్యాసినికి ఇచ్చింది. కుడిచేతి గుడ్డ మోచేతి పైకి మడిచింది. చేతికి ఏదీ రాసుకోలేదని తెలియడానికి ఫుల్బెర్ గోరువెచ్చని నీళ్లతో కడిగాడు. వేలూ వేలూ విడదీసి కడిగి, తుడవకుండా వదిలేశాడు. తుడవకూడదు.

కడ్డీని పటకారుతో పైకి తీశారు. చివర్లు నారింజ రంగులో ఉన్నాయి. అంత దూరానికే మొహానికి సెగ తగిలింది. హవీస్ మొదటి గీత మీద నిలబడి అరచెయ్యి చాపింది. చెయ్యి వణకలేదు. ధైర్యం కాదు అది. లోపల ఏమీ మిగల్లేదు, అంతే. ఒక్కటే అనుకుంది, జారవిడవకూడదు, జారవిడిస్తే గిరోల్డ్ కళ్లు పోతాయి. పటకారు పట్టినవాడు ఒకడుగు ముందుకేశాడు.

"ఆపండి," అన్నాడు టుర్‌స్టెన్.

గొంతు పెద్దదేమీ కాదు. కానీ ఆ గొంతు ఆపమంటే ఆగడం అక్కడున్న రౌతులందరికీ అలవాటు. పటకారువాడూ ఆగాడు. టుర్‌స్టెన్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, కాలు నిలవక మళ్లీ కూర్చున్నాడు.

"నేనే తలూపాను. జ్వరంలో మర్చిపోయాను. ఇప్పుడు గుర్తొచ్చింది."

మఠాధిపతి దగ్గరికొచ్చి, ఎవరికైనా భయపడి గానీ, పెళ్లాం మీద జాలితో గానీ చెప్పడం లేదు కదా అని అడిగాడు. టుర్‌స్టెన్ ఆయన్ని ఎగాదిగా చూసి, నాకు జాలి ఉందని ఎవరన్నా చెప్పారా అన్నాడు. రౌతుల్లో ఒకడు నవ్వాపుకోలేకపోయాడు. అందరి ముందూ మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ తలూపానన్నాడు. కోట మీద, భూముల మీద, మనుషుల మీద తనకిక ఏ హక్కూ లేదని చెప్పించారు. చెప్పాడు. కొడుకు పేరు పలకలేదు, అటు చూడనూ లేదు. కడ్డీని నీళ్ల తొట్టిలో పడేస్తే వసారా అంతా ఆవిరి కమ్మింది.

గిరోల్డ్ వచ్చి తల్లిని కౌగిలించుకున్నాడు. చెప్పానా, దేవుడు చెయ్యి దాకా రానివ్వలేదు చూశావా అన్నాడు. ఆమె వాడి వీపు నిమిరింది. వాడి కళ్లు రెండూ చూసింది, ఒకటి, రెండోది. గోధుమ రంగు కళ్లు, ఎండకి చికిలించి ఉన్నాయి.

ఆ పూటే బయల్దేరాలి. ఆడవాళ్ల మఠం బండి సిద్ధంగా ఉంది. వెళ్లేముందు మొగుడూ పెళ్లాం బలిపీఠం ఎదుట ఒకరి దగ్గర ఒకరు సెలవు తీసుకోవాలి, ఆ తర్వాత ఇక మాట్లాడుకోకూడదు. టుర్‌స్టెన్ కుర్చీ తెచ్చి అక్కడ పెట్టి, మోసేవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఆమె వంగి ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టింది. గొరిగిన నెత్తి మీద చిన్న గాటుంది.

"ఆ రోజు మెడ కింద నీ చెయ్యి చల్లగా తగిలింది," అన్నాడు ఆయన, పెదాలు కదలకుండా.

హవీస్ వంగినది వంగినట్టే ఉండిపోయింది. "మెలకువగా ఉన్నారా?"

"వినపడుతూనే ఉంది. నోరే రాలేదు."

సభలో ఆయన లేదు అన్నాడే గానీ, తన తల ఊపింది పెళ్లామేనని అనలేదు. రెండుసార్లూ అనలేదు. ఆమె ఇంకేదో అడగబోయింది. ఆయన చెయ్యెత్తి మోసేవాళ్లని పిలిచాడు. కాలు నొప్పిగా ఉంది, పొయ్యి దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. వాళ్లు కుర్చీ ఎత్తి పక్క తలుపులోంచి లోపలికి తీసుకెళ్లిపోయారు.

బండి మఠం గేటు దాటి కాలవ మీది వంతెన ఎక్కుతుండగా హవీస్‌కి ఏడుపొచ్చింది. కుడిచెయ్యి మొదట వణికింది, తర్వాత ఒళ్లంతా వణికింది. ఎడమచేత్తో ఎంత గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. పక్కన కూర్చున్న సన్యాసిని, కొడుకుని వదిలి వస్తున్నందుకు ఏడుస్తోందనుకుని, నెలకోసారి వచ్చి చూడొచ్చులే అమ్మా, మా దగ్గర కొడుకులని రానిస్తారు అని ఓదార్చింది.